గిట్ క్లీన్ కొట్టే ముందు: ట్రాక్‌లో లేని ఫైళ్లు తీసేసుడు ఎట్ల

మిర్యాలగూడ దిక్కున రైస్ మిల్లుకు ధర్మకాంట బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్న తమ్ముడు అడిగిన సంగతి ఇది (గిట్ అంటే కోడ్ మార్పులను కమిట్లుగ దాచిపెట్టే టూల్): "గిట్ రీసెట్ --హార్డ్ కొట్టిన. అయినా గిట్ స్టేటస్‌లో అన్‌ట్రాక్డ్ ఫైల్స్ అని నలభై వరుసలు అట్లనే ఉన్నయి. గిట్ పుల్ కూడా అండ్ల ఒక ఫైలు పేరు చెప్పి ఆగిపోతున్నది. గిట్ క్లీన్ -ఎఫ్‌డిఎక్స్ కొడితే అంత సాఫ్ అయితదని చెప్పిన్రు. కొట్టాల్నా?" ఫోల్డర్‌లో ఏమేం ఉన్నయో కూడా రాసిండు: కాంటా చీటీల ఫోటోలు పడే అప్‌లోడ్స్ ఫోల్డర్, ఊరికొకటి యాసంగి తూకాల సిఎస్‌వి ఫైళ్లు, నోడ్ మాడ్యూల్స్ (ఇన్‌స్టాల్ చేసుకున్న లైబ్రరీలు), డిస్ట్ (బిల్డ్ అయిన కోడ్), డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న .ఎన్వ్ ఫైలు. నోడ్ మాడ్యూల్స్, డిస్ట్, .ఎన్వ్ ఈ మూడు, పట్టించుకోవద్దని గిట్‌కు చెప్పే ఫైలు గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నయట. అప్‌లోడ్స్, సిఎస్‌విలు అండ్ల లేవట.

కొట్టకు తమ్మీ. ఆ కమాండ్ కొడితే నువ్వు చెప్పిన ఐదింట్లో ఒక్కటి కూడా మిగలదు. చివరి ఎక్స్ తీసేసి -ఎఫ్‌డి అని కొట్టినా ఫోటోలు, తూకాలు పోతయి. మిగిలేది ఇగ్నోర్‌లో ఉన్న మూడే. రీసైకిల్ బిన్‌లోకి కూడా రావు, డిస్కు మీదికెళ్లి నేరుగ తీసేస్తది.

ఇక్కడ కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్న, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలె. పెద్దక్షరం కావాల్సిన కాడ విడిగ చెప్త. మిగిలినయన్నీ చిన్నక్షరాలే.

ముందు రీసెట్ ఎందుకు పనిచెయ్యలేదో చూడు. గిట్ లెక్కలో ఫోల్డర్‌లోని ఫైళ్లు మూడు రకాలు. ఒక్కసారన్నా గిట్ యాడ్ చేసి గిట్ జాబితా అయిన ఇండెక్స్‌లోకి ఎక్కినయి ట్రాక్డ్. యాడ్ చెయ్యనియి, ఇగ్నోర్‌లో కూడా రాయనియి అన్‌ట్రాక్డ్. ఇగ్నోర్ నమూనాకు తగిలినయి ఇగ్నోర్డ్. గిట్ రీసెట్ --హార్డ్ గాని, గిట్ రిస్టోర్ గాని, పాత పద్ధతి గిట్ చెకౌట్ గాని మొదటి రకం ఫైళ్లనే వెనక్కి తిప్పుతయి. రెండో రకం ఎప్పుడూ కమిట్‌లో లేదు కాబట్టి వాటిని ఏ స్థితికి తిప్పాలెనో గిట్‌కు తెల్వదు, అందుకే ముట్టుకోదు. వాటిని తీసే పని గిట్ క్లీన్‌ది.

ఇండ్లనే అసలు ప్రమాదం కూడా ఉన్నది. కమిట్ చేసిన ఫైలు ఎంత పాడుచేసుకున్నా రీఫ్‌లాగ్ (పాత కమిట్ల చిట్టా) పట్టుకొని వెనక్కి తెచ్చుకోవచ్చు. గిట్ క్లీన్ తీసేసేది సరిగ్గ గిట్ దగ్గర కాపీ లేని ఫైళ్లనే. ధాన్యంల తాలు చెరగాలంటే ఏది తాలో ఏది గింజో చాటకు తెలుస్తది, తాలు తేలికగ ఉంటది కాబట్టి. గిట్‌కు ఆ బరువు తెల్వదు. పనికిరాని టెంప్ ఫైలు, రైతు కాంటా చీటీ ఫోటో రెండూ దానికి ఒకటే. ఎంచే పని నీదే.

కమాండ్ దగ్గరికి వద్దాం. ఉత్తగ గిట్ క్లీన్ అని కొడితే అది పనిచెయ్యదు, క్లీన్.రిక్వైర్‌ఫోర్స్ ట్రూ ఉన్నది, చెయ్యను పో అంటది. ఆ సెట్టింగ్ మొదటికెళ్లి ట్రూలోనే ఉంటది. చికాకు అనిపించి దాన్ని ఫాల్స్ చేసేటోళ్లు ఉన్నరు, ఆ పని మాత్రం చెయ్యకు. ముందు కొట్టాల్సింది ఇది:

గిట్ క్లీన్ -ఎన్ -డి

ఎన్ అంటే డ్రై రన్. ఏ ఫైలూ పోదు, "వుడ్ రిమూవ్" అని ఒక్కొక్క పేరు చూపిస్తది. ఎన్, ఎఫ్ (ఫోర్స్, నిజంగ తీసెయ్ అని) రెండూ పొరపాటున కలిపి కొట్టినా ఎన్‌దే నడుస్తది, చూపించి ఊకుంటది. జాబితా చూసి సరే అనుకున్నంక పైబాణం నొక్కి ఎన్ కాడ ఎఫ్ పెట్టుకో. కొత్తగ టైప్ చెయ్యకు. చూసిన కమాండ్, కొట్టిన కమాండ్ ఒక్క అక్షరం తప్ప అదే ఉండాలె.

ఎక్కడ నిలబడి కొడుతున్నవో కూడా చూసుకో. గిట్ క్లీన్ ఇప్పుడున్న ఫోల్డర్ కెళ్లి కిందికే పోతది, పైకి పోదు. సోర్స్ ఫోల్డర్‌లో ఉండి కొడితే రిపో (గిట్ చూసుకునే మొత్తం ప్రాజెక్ట్ ఫోల్డర్) మొదట్లో ఉన్న చెత్త అట్లనే ఉంటది, "కొట్టినా పోలేదు" అనేటోళ్లలో శానామందిది ఇదే కథ. దీనికి ఉల్టా ఇంకొకటి ఉన్నది, అది చెడ్డది. తెల్వక ఒకసారి హోమ్ ఫోల్డర్‌లోనే గిట్ ఇనిట్ కొట్టి ఉంటే, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఇంట్లోళ్ల పెండ్లి ఫోటోలు అన్నీ గిట్ కళ్లకు అన్‌ట్రాక్డ్ ఫైళ్లే. హోమ్‌లో నిలబడి క్లీన్ కొడితే ఆ కంప్యూటర్ సంగతి అంతే. అందుకే కొత్త మిషన్ మీద, వేరేటోళ్ల మిషన్ మీద క్లీన్ ముట్టుకునే ముందు ఇది కొట్టి రిపో మొదలు ఎక్కడున్నదో చూడు:

గిట్ రెవ్-పార్స్ --షో-టాప్‌లెవెల్

ఇగ డి అక్షరం. డి లేకుంటే, దారి ఏదీ చెప్పకుంటే, గిట్ క్లీన్ అన్‌ట్రాక్డ్ ఫోల్డర్ల లోపటికి పోదు, విడి ఫైళ్లనే తీస్తది. డి పెడితే ఫోల్డర్లకు ఫోల్డర్లే పోతయి. దారి పేరు చెప్పి కొడితే మాత్రం (గిట్ క్లీన్ -ఎఫ్ అప్‌లోడ్స్ అన్నట్టు) డి ఉన్నా లేకున్నా ఒకటే, ఆ దారి కింద ఉన్నయన్నీ పోతయి. డి పెట్టలేదు కదా, ఫోల్డర్ భద్రమే అని అక్కడ ధైర్యం పెట్టుకోకు.

డ్రై రన్ జాబితాను కూడా కళ్లు మూసుకొని నమ్మొద్దు. ఫోల్డర్ మొత్తం అన్‌ట్రాక్డ్ అయితే అది "వుడ్ రిమూవ్ అప్‌లోడ్స్/" అని ఒక్క వరుసే చూపిస్తది. ఆ ఒక్క వరుస ఎనుక మూడు ఫోటోలున్నా మూడువేలున్నా కనబడేది అంతే. లోపట ఏమున్నయో ఫైలు ఫైలుగ చూడాలంటే:

గిట్ ఎల్ఎస్-ఫైల్స్ --అదర్స్ --ఎక్స్‌క్లూడ్-స్టాండర్డ్

దీని ఔట్‌పుట్‌ను డబ్ల్యూసి -ఎల్‌కు పైప్ చేస్తే లెక్క తెలుస్తది. స్టేటస్‌లో అయితే -యుఆల్ పెడితే ఇదే పని అయితది. నీకు స్టేటస్‌లో కనబడ్డ నలభై వరుసలు నలభై ఫైళ్లే అనుకోకు.

ఇంకొక తేడా ఖాళీ ఫోల్డర్లది. గిట్ ఖాళీ ఫోల్డర్లను ట్రాక్ చెయ్యదు, స్టేటస్‌లో చూపియ్యదు, కాని క్లీన్‌కు డి పెడితే వాటిని కూడా తీసేస్తది. సర్వర్ మొదలయ్యేటప్పుడు లాగ్స్ ఫోల్డర్ ఉంటదనుకొని రాసిన కోడ్ క్లీన్ కొట్టినంక పడిపోయేది దీనివల్లనే. అసొంటి ఫోల్డర్‌లో .గిట్‌కీప్ అని ఒక ఖాళీ ఫైలు పెట్టి కమిట్ చేస్తరు. ఆ పేరు గిట్ పెట్టింది కాదు, జనాలకు అలవాటైంది. ఏ పేరున్నా నడుస్తది.

చీటీ ప్రింటర్ లైబ్రరీ ఏదన్నా లోపటనే గిట్ క్లోన్ చేసి ఉంటే, దానికి సొంత .గిట్ ఫోల్డర్ ఉంటది కాబట్టి ఒక ఎఫ్‌తోని పోదు, "స్కిప్పింగ్ రిపాజిటరీ" అంటది. రెండు ఎఫ్‌లు పెడితేనే తీస్తది. ఆ అడ్డం మంచికే ఉన్నది: లోపలి రిపోలో పుష్ చెయ్యని కమిట్లుంటే ఫోల్డర్‌తోని అవి కూడా పోతయి. లోపటికి పోయి ఒకసారి స్టేటస్, లాగ్ చూసినంకనే రెండో ఎఫ్ పెట్టు. సబ్‌మాడ్యూళ్లయితే (రిపోలో జత చేసి పెట్టుకున్న వేరే రిపోలు) వేరే సంగతి, వాటి లోపటికి క్లీన్ పోనే పోదు. కావాలంటే గిట్ సబ్‌మాడ్యూల్ ఫర్‌ఈచ్ --రికర్సివ్ అని ముందు పెట్టి దాని ఎనుక క్లీన్ రాయాలె.

ఎక్స్ దగ్గర జర ఆగాలె. నెట్‌లో ఎక్కడ చూసినా -ఎఫ్‌డిఎక్స్ అనే కనబడుతదంటే కారణం ఉన్నది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెకౌట్ స్టెప్, గిట్‌ల్యాబ్ రన్నర్ రెండూ (కోడ్‌ను వాటంతటవే బిల్డ్ చేసే సర్వీసులు) మొదటికెళ్లి -ఎఫ్ఎఫ్‌డిఎక్స్‌తోనే క్లీన్ చేస్తయి. అక్కడ అది సరైనదే. బిల్డ్ మిషన్ మీద ఎవ్వరి సొంత ఫైళ్లూ ఉండవు, పాత బిల్డ్ ముక్క ఒక్కటి మిగిలినా తప్పు ఫలితం వస్తది. ఆ కమాండ్‌నే తెచ్చి మనం రోజూ పనిచేసే ఫోల్డర్ మీద కొడితేనే నష్టం.

చిన్న ఎక్స్ పెడితే ఇగ్నోర్ నియమాలు పక్కకు పెట్టి అన్‌ట్రాక్డ్, ఇగ్నోర్డ్ రెండూ తీసేస్తది. ఇగ్నోర్‌లో మనం రెండు వేర్వేరు జాతుల ఫైళ్లు కలిపి రాస్తం. ఒక జాతి, పోతే మళ్ల తయారయ్యేటియి: నోడ్ మాడ్యూల్స్, డిస్ట్, పైక్యాష్. ఇంకో జాతి, పోతే ఎక్కడికెళ్లీ తెచ్చుకోలేనియి, రహస్యం కాబట్టో, మన మిషన్‌కు సంబంధించినయి కాబట్టో కమిట్ చెయ్యనియి: .ఎన్వ్, సర్టిఫికెట్ కీలు, లోకల్ ఎస్‌క్యూలైట్ డేటాబేస్. గిట్‌కు ఈ తేడా లేదు. అది ఇగ్నోర్ అంటే "పోయినా ఫరవాలేదు" అనే అనుకుంటది. క్లీన్‌లోనే కాదు, ఇంకో బ్రాంచ్‌లో అదే పేరుతోని ఎవరన్నా ఫైలు కమిట్ చేసి ఉంటే, ఆ బ్రాంచ్‌కు చెకౌట్ చేసినప్పుడు నీ ఇగ్నోర్డ్ ఫైలును అడగకుండ దాని మీదనే రాసేస్తది. అన్‌ట్రాక్డ్ అయితే ఆగి చెప్తది, ఇగ్నోర్డ్ అయితే చెప్పదు. తూకాల ఫైళ్లు స్టేటస్‌లో అడ్డమొస్తున్నయని ఇగ్నోర్‌లో రాస్తే భద్రం అయినట్టు అనిపిస్తది, నిజానికి ఒక కాపలా తగ్గినట్టే.

ఎక్స్ వాడక తప్పకుంటే, మిగలాల్సినయి -ఇ తోని చెప్పు:

గిట్ క్లీన్ -ఎన్ -డి -ఎక్స్ -ఇ .ఎన్వ్ -ఇ నోడ్_మాడ్యూల్స్ -ఇ అప్‌లోడ్స్

చిన్న ఎక్స్ ఇగ్నోర్ ఫైళ్లను పట్టించుకోదు కాని -ఇ తోని చెప్పినయి పట్టించుకుంటది. నోడ్ మాడ్యూల్స్ మిగిల్చుకునుడు నా లెక్కల తెలివైన పని, నెట్ మంచిగ లేని ఊర్ల కూసుంటే మళ్ల ఇన్‌స్టాల్ అయ్యేసరికి పొద్దు గూకుతది.

-ఇ తోని రెండు గుంతలున్నయి. మొదటిది చుక్క గుర్తు, అంటే స్టార్‌ది. నీ ఫోల్డర్‌లో త్రిపురారం, దామరచర్ల, వేములపల్లి పేర్లతోని మూడు సిఎస్‌విలు ఉన్నయనుకో. అవి మిగలాలని -ఇ *.సిఎస్‌వి అని కోట్స్ లేకుంట రాస్తే, గిట్ బ్యాష్ గాని లినక్స్ షెల్ గాని ఆ స్టార్‌ను ముందే విప్పి మూడు పేర్లుగ మార్చి గిట్‌కు ఇస్తది. గిట్‌కు చేరేది: -ఇ త్రిపురారం.సిఎస్‌వి, దాని ఎనుక దామరచర్ల.సిఎస్‌వి, వేములపల్లి.సిఎస్‌వి. మొదటిది ఒక్కటే మినహాయింపు అయితది. మిగిలిన రెండు "వీటిని శుభ్రం చెయ్" అని దారి పేర్లు అయిపోతయి. అంటే నువ్వు కాపాడమన్న ఫైళ్లనే ఏరి మరీ తీసేస్తది, వేరే చెత్త ఒక్కటి ముట్టుకోదు. సింగిల్ కోట్స్ లోపట '*.సిఎస్‌వి' అని పెడితే ఈ గొడవ లేదు. విండోస్ పవర్‌షెల్ ఇట్ల విప్పదు కాబట్టి అక్కడ నడిచిన కమాండ్ గిట్ బ్యాష్‌లో ఉల్టా కొడుతది.

రెండోది పెద్ద ఎక్స్‌తోని వచ్చే గుంత. పెద్ద ఎక్స్ అంటే ఇగ్నోర్డ్ ఫైళ్లను మాత్రమే తీసెయ్, అన్‌ట్రాక్డ్‌ను వదిలెయ్ అని. బిల్డ్ చెత్త ఒక్కటే తీసి, ఇంకా యాడ్ చెయ్యని కొత్త కోడ్ ఫైళ్లు మిగలాలంటే ఇది పనికొస్తది. కాని -ఇ చేసే పని నిజానికి "ఈ నమూనా కూడా ఇగ్నోర్ జాబితాలో కలుపు" అనుడు. చిన్న ఎక్స్‌తోని, మామూలు క్లీన్‌తోని అది కాపాడుతది. పెద్ద ఎక్స్ ఇగ్నోర్‌లో ఉన్నయే తీస్తది కదా, దానితోని కలిపితే -ఇ చెప్పినయి కూడా పోతయి. .ఎన్వ్ మిగిలిచ్చి మిగిలిన ఇగ్నోర్డ్ తీయాలంటే నమూనా ముందు ఆశ్చర్యార్థకం పెట్టి ఉల్టా చెయ్యాలె:

గిట్ క్లీన్ -ఎన్ -డి -ఎక్స్ -ఇ '!.ఎన్వ్' (ఈ ఎక్స్ పెద్దక్షరం)

ఇక్కడ కూడా సింగిల్ కోట్సే. డబుల్ కోట్స్ పెడితే బ్యాష్ ఆశ్చర్యార్థకాన్ని పాత కమాండ్ల హిస్టరీకి ముడేస్తది.

ఏ ఫైలు ఎందుకు ఇగ్నోర్ అయితున్నదో అర్థం కాకుంటే గిట్ చెక్-ఇగ్నోర్ -వి అని ఫైలు పేరు ఇయ్యి. ఏ ఇగ్నోర్ ఫైలులో ఎన్నో వరుస, ఏ నమూనా తగిలిందో చెప్తది.

తెలుగు పేర్లున్న ఫైళ్లతోని ఇంకో తిప్పల. డ్రై రన్ జాబితాలో త్రిపురారం అని కనబడాల్సిన కాడ "\340\260\244\340\261\215\340\260\260..." అని అంకెలు వస్తయి. ఫైలు పాడైందనుకోకు. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. గిట్ ఆ బైట్లను ఆక్టల్ అంకెల్లో చూపిస్తున్నది, అంతే. పై ముక్కలో మొదటి మూడు సంఖ్యలు త, నడుమ మూడు పొల్లు, చివరి మూడు ర. అట్ల అంకెలు చూసుకుంట ఏ ఊరి తూకాలు పోతున్నయో ఎవ్వరూ చెప్పలేరు, చదవకుండనే ఎంటర్ కొడుతరు. క్లీన్ ముట్టుకునే ముందు ఇది ఒకసారి పెట్టుకో, మళ్ల అవసరం రాదు:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్

జాబితా పెద్దగుండి ఏరుకోవాలంటే -ఐ వాడు. మెనూ వస్తది. అండ్ల "ఫిల్టర్ బై ప్యాటర్న్" కాడ ఇచ్చే నమూనాకు తగిలినయి జాబితాలకెళ్లి తప్పుకుంటయి, అంటే మిగులుతయి. "సెలెక్ట్ బై నంబర్స్" కాడ ఇచ్చే నంబర్లు పోయేటియి. రెండూ పక్కపక్కనే ఉండి ఉల్టా పనిచేస్తయి కాబట్టి నంబర్లు ఇచ్చినంక వెంటనే క్లీన్ అనకుంట, మళ్ల చూపించే జాబితా చదువు. "ఆస్క్ ఈచ్" నిదానమే కాని ఇరవై ముప్పై ఫైళ్లకు అదే మేలు.

తీసెయ్యాల్నా వద్దా అని మనసు ఊగుతుంటే క్లీన్ అసలే వద్దు. గిట్ స్టాష్ పుష్ -యు అని కొట్టు. అన్‌ట్రాక్డ్ ఫైళ్లు కూడా గిట్ పక్కకు దాచే స్టాష్‌లో పడి, ఫోల్డర్ శుభ్రం అయితది. రెండు వారాలైనా అడగకుంటే అప్పుడు డ్రాప్ చెయ్యి. ఇందులో రెండు మాటలు: ట్రాక్డ్ ఫైళ్లలో చేసిన మార్పులు కూడా దాంతోనే లోపటికి పోతయి, తిరిగి పాప్ చేసేదాకా కనబడవు. ఇంకోటి, స్టాష్ అంటే ఆ ఫైళ్లన్నీ .గిట్ లోపట ఆబ్జెక్ట్‌లుగ రాసుడే. కోడ్ ఫైళ్లకు బాగనే ఉంటది గని, సీజన్ మొత్తం కాంటా ఫోటోలు అండ్ల కుక్కితే రిపో బరువైతది. ఫోటోలను వేరే డ్రైవ్‌కు కాపీ కొట్టుకునుడే నయం.

కోడ్ కొత్తగ తెచ్చుకున్నోళ్ల దగ్గర బిల్డ్ అయితదా లేదా చూసేటందుకు -ఎఫ్‌డిఎక్స్ కొట్టేటోళ్లున్నరు. దానికి ఉన్న ఫోల్డర్ ఊడ్చుడెందుకు? గిట్ వర్క్‌ట్రీ యాడ్ అని పక్కన కొత్త ఫోల్డర్‌లో తీసుకొని అక్కడ బిల్డ్ చెయ్యి, పనైనంక గిట్ వర్క్‌ట్రీ రిమూవ్.

క్లీన్ నడుమల "ఫెయిల్డ్ టు రిమూవ్" అని వస్తే విండోస్‌లో పదిల తొమ్మిదిసార్లు ఆ ఫైలును ఇంకేదో పట్టుకొని ఉంటది: నడుస్తున్న నోడ్ సర్వర్, తెరిచిన ఎక్సెల్, ఎడిటర్ లోపలి టెర్మినల్. అవి మూసి మళ్ల కొట్టు. "ఫైల్‌నేమ్ టూ లాంగ్" అంటే దారి 260 అక్షరాలు దాటింది, కోర్.లాంగ్‌పాత్స్ ట్రూ చేసుకో. లినక్స్‌లో "పర్మిషన్ డినైడ్" అంటే శానాసార్లు డాకర్ కంటెయినర్ రూట్ పేరుతోని రాసిన ఫైళ్లు ఉంటయి. సుడోతోని గిట్ క్లీన్ కొట్టకు, ఆ ఒక్క ఫోల్డర్ ఓనర్‌ను ఛోన్‌తోని మార్చి మామూలుగనే కొట్టు.

ఇప్పటికే కొట్టేసి ఇది చదువుతున్నోళ్ల కోసం. ముందు ఆ డిస్కు మీద కొత్తగ ఏదీ రాయకుండ ఆపు, ఎన్‌పిఎం ఇన్‌స్టాల్ కూడా వద్దు. ఆ ఫైలును ఎప్పుడన్నా గిట్ యాడ్ చేసి తర్వాత అన్‌స్టేజ్ చేసి ఉంటే అదృష్టం, యాడ్ చేసినప్పటి కాపీ .గిట్ లోపట ఉండొచ్చు. గిట్ ఎఫ్ఎస్‌సికె --లాస్ట్-ఫౌండ్ కొట్టి .గిట్ లోపట లాస్ట్-ఫౌండ్, దాని కింద అదర్ ఫోల్డర్‌లో చూడు. పేర్లుండవు, లోపలి రాత చూసి గుర్తుపట్టాలె. ఎవ్వరికీ చెందని ఆబ్జెక్ట్‌లను గార్బేజ్ కలెక్షన్ మామూలుగ రెండు వారాలు దాటినంక ఊడుస్తది, ఆలస్యం చెయ్యకు. యాడ్ చెయ్యనే చెయ్యకుంటే గిట్ దగ్గర ఏమీ లేదు. విఎస్ కోడ్‌లో సేవ్ చేసిన ఫైలైతే, 2022 మార్చి వెర్షన్ 1.66 కెళ్లి లోకల్ హిస్టరీ ఉన్నది. కమాండ్ ప్యాలెట్‌లో "లోకల్ హిస్టరీ: ఫైండ్ ఎంట్రీ టు రిస్టోర్" అని వెతికితే .ఎన్వ్ అసొంటియి అక్కడ దొరుకుతయి. ఎడిటర్‌తోని సంబంధం లేని ఫోటోలు దొరకవు, వాటికి ఫోన్ల గాని వన్‌డ్రైవ్ బిన్‌ల గాని చూడాలె. పోయిన ఫైళ్లు వెతికే ఫోటోరెక్ అసొంటి టూల్ హార్డ్ డిస్కు మీద పనిచేసినంత ఎస్ఎస్‌డి మీద చెయ్యదు, ట్రిమ్ వల్ల తీసేసిన బ్లాకులు తొందరగ ఖాళీ అయిపోతయి.

ఇగ నీ ఫోల్డర్ సంగతి. నిజానికి నీకు క్లీన్ కన్నా ముందు కావాల్సింది పుల్ కదా. పుల్ ఆపింది నలభై వరుసల కోసం కాదు, ఆ మెసేజ్ కింద పేరు రాసిన ఫైలు కోసం. అదే పేరుతోని నీ జతగాడు ఒక ఫైలు కమిట్ చేసిండు, నీ దగ్గర అది అన్‌ట్రాక్డ్‌గ ఉన్నది. దాన్ని ఒక్కదాన్ని పేరు మార్చు, చివర .నాది అని తగిలిస్తే శాలు. అంతకు ముందే అవతలోని ఫైలు చూడాలంటే గిట్ ఫెచ్ కొట్టి, గిట్ షో ఆరిజిన్/మెయిన్: దాని పక్కన జాగ లేకుండ ఫైలు దారి రాయి.

తర్వాత అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను రిపో బయటికి తీసుకపో. పక్క ఫోల్డర్‌లో పెట్టి, దారిని .ఎన్వ్‌లో ఒక వేరియబుల్‌గ రాసుకో. మిల్లు డేటా కోడ్ ఫోల్డర్ లోపట ఉన్నంత కాలం ఏదో ఒక రోజు ఎవరో ఒకరు క్లీన్ కొడుతరు, నువ్వు కాకుంటే నీ తర్వాత వచ్చేటోడు. సిఎస్‌విలు కూడా అక్కడికే పంపు. .ఎన్వ్‌లో పాస్‌వర్డ్ తీసేసి ఉత్త పేర్లతోని ఒక నమూనా ఫైలు చేసి కమిట్ చేస్తే, అసలుది పోయినా ఏమేం నింపాల్నో తెలుస్తది. నీ ఒక్కని ఎడిటర్ చెత్త ఉంటే అందరి గిట్‌ఇగ్నోర్‌లో రాయకు, .గిట్ లోపట ఇన్‌ఫో ఫోల్డర్‌లో ఎక్స్‌క్లూడ్ అనే ఫైలు ఉంటది, అండ్ల రాసుకో.

ఇవన్నీ అయినంక రిపో మొదట్లో నిలబడి ఈ వరుసల కొట్టు:

గిట్ స్టేటస్ --షార్ట్ --ఇగ్నోర్డ్

గిట్ క్లీన్ -ఎన్ -డి -ఇ '*.నాది'

గిట్ క్లీన్ -ఎఫ్ -డి -ఇ '*.నాది'

గిట్ పుల్

మొదటిదాంట్లో రెండు ప్రశ్నార్థకాలున్న వరుసలు అన్‌ట్రాక్డ్, రెండు ఆశ్చర్యార్థకాలున్నయి ఇగ్నోర్డ్. రెండోదాంట్లో "వుడ్ రిమూవ్" జాబితాలో నీకు తెల్వని పేరు ఒక్కటున్నా మూడోదానికి పోకు, ఆ ఫైలు తెరిచి చూడు. డిస్ట్ పాతదైందని అనుమానముంటే దాన్ని ఒక్కదాన్ని ఆర్ఎం -ఆర్ఎఫ్ డిస్ట్ అని చేతితోనే తీసెయ్, దానికి ఎక్స్ అవసరం లేదు.

పుల్ అయినంక జతగాని ఫైలు, నీ .నాది ఫైలు రెండింటినీ గిట్ డిఫ్ --నో-ఇండెక్స్ తోని పక్కపక్కన పెట్టి చూడు. నీ దాంట్లో ఎక్కువున్న వరుసలు ఆ ఫైలులో చేర్చి కమిట్ చేసినంక .నాది తీసెయ్యొచ్చు.